రెండు వందల పన్నెండో గది

మా ఆఫీసు మొత్తం మీద ఆమె కుర్చీ ఒక్కటే కొత్తగా ఉండేది. మిగతావాళ్ళ కుర్చీలు కిర్రుమనేవి, చేతులు ఊడేవి, దిండు చిరిగి పీచు బయటికొచ్చేది. ఆమె కుర్చీకి కొన్ననాడు చుట్టిన ప్లాస్టిక్ కాగితం కూడా చెక్కుచెదరలేదు. అందులో ఎవరైనా కూర్చుంటే కదా చెదరడానికి! పని మీద వచ్చినవాళ్ళు గొడుగులూ సంచులూ దానిమీద పెట్టేవారు.

ఆమె నిలబడి పనిచేసేది. మూడో అంతస్తులో మెట్లెక్కగానే ఎడమచేతి గది మాది. గోడవారగా నడుమెత్తు బీరువా, దానిమీద టీవీ, టీవీకి తగిలించిన వీడియో ఆటల పెట్టె, పక్కన చదరాల కాగితం. రెండు గదులు ఆడేది. చేతిలో మీటలు కింద పెట్టి, ఆటలో చూసిన ఆ రెండు గదులూ కాగితం మీద గీసేది. కిటికీ దాకా వెళ్ళి వీధిలోకి చూసేది. మళ్ళీ వచ్చి ఇంకో రెండు గదులు ఆడేది. బీరువాకీ కిటికీకీ మధ్య నేల రంగు పోయి ఒక బాట పడింది. అచ్చుతప్పులు దిద్దే నా బల్ల ఆ బాట పక్కనే. రోజంతా ఆమె చీర కొంగు నా కాగితాలని రాసుకుంటూ పోయేది.

మా పత్రికకి టీవీ తెరని ఫొటోలు తీసే అన్న ఆమెకి 'కాలుగాలిన పిల్లి' అని పేరు పెట్టాడు. అతని బాధ అతనిది. ఆ రోజుల్లో తెరని ఫొటో తీయాలంటే కెమెరాకీ టీవీకీ కలిపి నల్లగుడ్డ కప్పి, ఊపిరి బిగబట్టి నెమ్మదిగా తీయాలి. తొందరపడితే బొమ్మకి అడ్డంగా నల్లటి పట్టీ పడుతుంది. అంతసేపూ ఆటలో మనిషి కదలకూడదు.

"ఒక్క క్షణం నిలబెట్టమ్మా తల్లీ, నీకు దణ్ణం పెడతాను," అనేవాడు గుడ్డ లోపలినుంచి.

"నిలబెట్టాను కదన్నా."

"ఏది? అప్పుడే పక్క గదిలో ఉన్నాడు వాడు!"

"నువ్వు మూత తీసేలోపు ఎవడు ఆగుతాడన్నా?"

అంత పొడుగు పేరు పిలవలేక నెల తిరక్కుండానే దాన్ని పిల్లిగా మిగిల్చారు. ఆమెకి పట్టింపు లేదు. "పిల్లికి దార్లు తెలుస్తాయి," అనేది.

మాది నెలకొకసారి వచ్చే పత్రిక. అందులో వీడియో ఆటల గురించి తప్ప ఇంకో మాట ఉండేది కాదు. కొత్త ఆటల మంచిచెడ్డలు, పాఠకుల గొప్పలు, మమ్మల్ని తిడుతూ వచ్చే ఉత్తరాలు, ఆడుతూ ఆడుతూ ఎక్కడో ఇరుక్కుపోయినవాళ్ళకి సలహాలు. కాని జనం పత్రిక కొనేది నడిమి పేజీల్లోని పటం కోసం. ఆటలో ఏ తలుపు ఎటు పోతుందో, ఏ మెట్టు విరిగిందో, తాళంచెవి ఎక్కడుందో అంతా ఒక్క చూపులో తెలిసేలా గీసిన పటం. పాఠకులు పిన్నులు విప్పి దాన్ని గోడకి అంటించుకునేవారు. మిగతా పత్రిక ఏమైపోయేదో నేను అడిగేదాన్ని కాదు.

ఆమెకు ఈ విద్య ఇళ్ళు మారడం వల్ల వచ్చింది. తండ్రి ఏ ఉద్యోగంలోనూ రెండేళ్ళు నిలిచేవాడు కాదు. ఆమెకి పదిహేనేళ్ళు వచ్చేసరికి పదకొండు అద్దె ఇళ్ళు మారారు. కొత్త ఇంట్లో సామాను దించుతుండగానే ఈమె గోడలు తడుముకుంటూ ఇల్లంతా చుట్టి రావలసిందే. రాకపోతే ఆ పూట అన్నం సయించేది కాదు.

"పదకొండిళ్ళూ ఇప్పుడు గీసిమ్మన్నా గీసిస్తానక్కా. ఏ తలుపు లోపలికి తెరుచుకునేదో, ఏది బయటికో కూడా," అంది ఒకసారి. కిటికీ దాకా వెళ్ళొచ్చి, "ఏ ఇంట్లో ఎవరం ఏం మాట్లాడుకున్నామో మాత్రం ఒక్కటీ గుర్తులేదు," అంది.

చదువయ్యాక ఒక ఇంజనీరు దగ్గర నక్షాలు దించే పనికి కుదిరింది. పల్చటి కాగితం కింద అసలు నక్షా పెట్టి గీతమీద గీత వెయ్యాలి. "కూర్చోవమ్మా, నిన్ను చూస్తే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అని ఆయన ఆరు నెలలు బతిమాలి చివరికి పొమ్మన్నాడు. తరవాత కరెంటు మీటర్లు చూసే పని. ఆ నాలుగేళ్ళూ ఆమెకి కాళ్ళనిండా పని, కళ్ళనిండా ఇళ్ళు. అలా ఒక ఇంట్లో మీటరు చూడబోతే, టీవీ ముందు ఒకతను తల పట్టుకుని ఉన్నాడు. ఆటలో మూడు రోజులుగా ఒకే గదిలో తిరుగుతున్నాడట. ఈమె గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "ఆ మెట్ల కింద చోటుంటుంది, చూడండి," అంది. ఉంది. ఆ వారమే ఒక ఆటల పెట్టె కొనుక్కుంది. రెండు నెలల తరవాత మా ఆఫీసుకి ఒక పొడుగాటి కవరు వచ్చింది. అందులో చదరాల కాగితం మీద నూట నలభై గదుల పటం. మా ఎడిటరుగారు దాన్ని బల్లమీద పరిచి, చుట్టూ ప్రదక్షిణం చేసి, "ఈ మనిషెవరో పిలిపించండి," అన్నారు.

ఇక్కడ మా ఆఫీసు రహస్యం ఒకటి చెప్పాలి.

మా పటాల్ని ఎదుటివాళ్ళు ఎత్తుకుపోయేవారు. ఎదుటివాళ్ళంటే మాకు పోటీగా వచ్చే ఇంకో పత్రిక. మాది ఒకటో తారీఖున వస్తే వాళ్ళది ఇరవయ్యో తారీఖు. మా పటాన్ని రంగు మార్చి వేసుకోవడానికి పంతొమ్మిది రోజులు చాలు. అడిగితే, "ఆట ఒకటే కదండీ, మీరు ఆడినట్టే మేమూ ఆడాం," అనేవారు. దానికి మా ఎడిటరుగారు ఒక ఉపాయం కనిపెట్టారు. ప్రతి పటంలోనూ ఆటలో లేని గది ఒకటి గీయించేవారు. ఎవరికీ అక్కర్లేని మూల, దారికి అడ్డం రాని చోట, చిన్నది. దాన్ని మేం 'చుట్టంగది' అనేవాళ్ళం. ఇంటిది కాదు కనక. ఎదుటివాళ్ళ పటంలోనూ ఆ గది కనిపించిందంటే దొంగ దొరికినట్టే. పటం నా దగ్గరికి దిద్దడానికి వచ్చినప్పుడు చుట్టంగది పక్కన సన్నటి పెన్సిలు టిక్కు ఉండేది. తప్పని దిద్దేయకుండా నాకు గుర్తు. టిక్కు చెరిపి ప్రెస్సుకి పంపేదాన్ని.

ఆ ఏడు ఒక కోట ఆట వచ్చింది. 'రెండు వందల పన్నెండు గదులు!' అని పెట్టెమీదే తాటికాయంత అక్షరాలతో వేశారు. పిల్లి పదిహేడు రోజులు దాంతో కుస్తీ పట్టింది. ఒక్క ఆటగా కాదు, ముక్కలు ముక్కలుగా. ఒకరోజు పడమటి బురుజులు, ఒకరోజు నేలమాళిగలు. గడువు రోజు పటం నా బల్లమీద పరిచి ఆమె పెన్సిలు మొనతో, నేను వేలితో, గదులు లెక్కపెట్టాం. ఇద్దరికీ రెండు వందల పన్నెండు వచ్చాయి. ఆమె గట్టిగా ఊపిరి వదిలి కిటికీ దగ్గరికి పోయింది. నేను వంటశాల వెనక గది పక్కన టిక్కు చెరిపాను.

పత్రిక వచ్చిన మూడో వారంలో మొదటి ఉత్తరం. పాఠకుల ఉత్తరాలు విప్పే పని కూడా నాదే. గీత గీసినట్టున్న దస్తూరి. వంటశాల వెనక గదికి దారి దొరకడం లేదనీ, అదొక్కటే తనకు మిగిలిందనీ, దయచేసి తెలపమనీ. రాసినాయన రిటైరైన సర్వేయరు. చుట్టంగది మీద ఎవరైనా అడిగితే జవాబివ్వకూడదని మా నియమం. పక్కన పెట్టేశాను.

రెండో నెల రెండో ఉత్తరం. గోడని ఎడమనుంచి కుడికి అడుగడుగునా నలభైసార్లు కొట్టి చూశానని, దీపం ఆర్పి చూశానని, పొయ్యిలోంచి వెళ్ళబోయి మూడుసార్లు చచ్చానని. నేను నవ్వుతూ పైకి చదివాను. పిల్లి నవ్వలేదు. మీటలు కింద పెట్టేసి, "ఏదీ, ఇటివ్వు," అంది. ఆ రోజునుంచి బీరువాకీ కిటికీకీ మధ్య నడక రెట్టింపయింది.

మూడో ఉత్తరం ఇది. ఇప్పటికీ నాకు నోటికి వచ్చు.

"అయ్యా, ముప్పై నాలుగేళ్ళు భూములు కొలిచాను. పటంలో ఉన్నది నేలమీద కనిపించకపోతే తప్పు పటానిది కాదు, కొలిచేవాడిది. నాకు ఉద్యోగంలో మొదట నేర్పిన మాట అది. కనక ఇక్కడా తప్పు నాదే. అదేమిటో నాకు తెలియడం లేదు. నేను గంటలకొద్దీ ఆ గోడముందు ఆగిపోయి 'ఇక్కడే ఉండాలి, ఇక్కడే ఉండాలి' అనుకోవడం చూసి మా అబ్బాయీ కోడలూ భయపడుతున్నారు. రోజూ మనవరాల్ని బడినుంచి ఇంటికి తీసుకొచ్చేది నేను. దారిమధ్యలోనూ ఇలాగే ఆగిపోతానేమోనని, వచ్చే ఒకటో తారీఖు నుంచి ఆ పని వేరేవాళ్ళకి అప్పగిస్తామంటున్నారు. వాళ్ళని తప్పు పట్టలేను. నాకూ అనుమానం మొదలయింది. ఆ గదికి దారి ఒక్క ముక్కలో రాస్తే చాలు."

పిల్లి నిలబడే రెండుసార్లు చదివింది. తరవాత నేరుగా ఎడిటరుగారి గదిలోకి నడిచింది. తలుపు తీసే ఉంది. ప్రతి మాటా వినబడింది.

"జవాబు రాస్తాను సార్. ఆ గది లేదని."

"రాయకు. ఎదుటివాళ్ళ పటంలో ఆ గది పడిందా లేదా? పడింది. రెండు పటాలూ పక్కపక్కన వేసి వాళ్ళ పరువు తీస్తాను వార్షిక సంచికలో. అప్పటిదాకా మనం నోరు విప్పకూడదు. నువ్వు ఒకాయనకి రాస్తావు, ఆయన పదిమందికి చెప్తాడు, ఎదుటివాళ్ళు జాగ్రత్తపడిపోతారు."

"వార్షిక సంచిక రెండు నెలలుంది. ఒకటో తారీఖు తొమ్మిది రోజులే ఉంది సార్."

"ఏమ్మా, ఆటలో గది దొరక్కపోతే మతి పోయినట్టేనా? నాకు రోజూ కళ్ళజోడు దొరకదు."

"దొరకలేదని ఇంట్లోవాళ్ళు మీకు తాళాలివ్వడం మానేశారా సార్?"

ఎడిటరుగారు చెడ్డవారు కాదు. పత్రికంటే ప్రాణం, అంతే. మెల్లగా అన్నారు: "చూడు తల్లీ. ఇది నాలుగేళ్ళ కష్టం. నువ్వు బయటపెట్టావంటే రేపట్నుంచి ఈ మెట్లెక్కక్కర్లేదు. నాకు ఇష్టమై అనడం లేదు."

ఆమె బయటికొచ్చి తన కుర్చీమీద ఎవరిదో సంచి తీసి కింద పెట్టింది. కూర్చుంటుందేమో అనుకున్నాను. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"అక్కా, ఉత్తరం మీద అడ్రసుంది కదూ?"

"ఉంది."

"రేపు నీకు సెలవు దొరుకుతుందా? నేనొక్కదాన్నే వెళ్తే గుమ్మంలోంచే వచ్చేస్తానేమో."

ఆ టిక్కు చెరిపింది నేను. వస్తానన్నాను.

మర్నాడు మధ్యాహ్నం బస్సులో సగం సీట్లు ఖాళీ. ఆమె మాత్రం కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చింది. రెండు స్టాపులకోసారి, "ఏం చెప్పాలక్కా ముందు?" అని అడిగేది. నేను నోరు తెరిచేలోపు, "వద్దులే, అదే వస్తుంది," అనేది.

కోడలు తలుపు తీసింది. పత్రికనుంచి వచ్చామనగానే ముఖం మారింది. "మీరా!" అని వెనక్కి చూసి గొంతు తగ్గించింది. "ఏం పటమండీ అది? పదింటికి దాని ముందు కూర్చుంటే పిలిచినా పలకడం లేదు మా మావయ్యగారు. మొన్న పొయ్యిమీద పాలు పొంగి గిన్నె మాడిపోయేదాకా పక్కనే ఉండి చూసుకోలేదు. మా ఆయన తనకోసం కొనుక్కున్న పెట్టె, తనకి తీరిక లేదని ఈయనకిస్తే..." మాట మింగేసి పక్కకి జరిగింది. "రండి లోపలికి."

ముందుగదిలో టీవీ. పక్క గోడమీద మా నడిమి పేజీలు, మూలలకి మడత లేకుండా అంటించి ఉన్నాయి. పటం చుట్టూ గోడంతా పెన్సిలు అంకెలు. దాని ముందు ముక్కాలిపీట మీద సన్నగా, నిటారుగా ఒక పెద్దాయన. మేమెవరమో తెలియగానే లేచి నిలబడ్డారు.

"ఇంత దూరం వచ్చారా! ఉత్తరం రాస్తే సరిపోయేది కదండీ. పొయ్యి దగ్గరేనా దారి? నేను సరిగా చూడలేదు కదూ?"

పిల్లి గోడమీది పటంవైపు చూసింది. "బాబాయిగారూ, అక్కడ గది లేదు," అంది.

"లేదంటే?"

"లేదు. నేనే గీశాను. మా పటాలు ఎదుటివాళ్ళు ఎత్తుకుపోతుంటే పట్టుకోవడానికి ఒక దొంగ గది పెడతాం. మీరు వెతికింది దాన్ని."

పెద్దాయన పటంవైపు చూశారు. మళ్ళీ ఆమెవైపు చూశారు. పీటమీద మెల్లగా కూర్చున్నారు. అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"మూడు నెలలు," అన్నారు చివరికి. "నా కళ్ళు చూపించుకున్నాను. చేతులు వణుకుతున్నాయేమోనని ముగ్గుపిండితో గీతలు గీసి చూసుకున్నాను. ఎవరికోసమో వేసిన గాలానికి నన్ను తగిలించారన్నమాట."

"తప్పయింది బాబాయిగారూ."

"నోటిమాట వద్దు. రాసివ్వండి."

ఆమె గోడమీది పటం దగ్గరికి వెళ్ళి, ఆయన పెన్సిలే తీసుకుని, వంటశాల వెనక గదిని కొట్టేసింది. పక్కన రాసింది: 'ఇక్కడ గది లేదు. అబద్ధం గీసింది నేను.' సంతకం పెట్టి తారీఖు వేసింది. పెద్దాయన కోడల్ని పిలిచారు. "చదువమ్మా. పైకి చదువు."

కోడలు చదివింది. "టీ పెడతాను," అని లోపలికి వెళ్ళబోయింది.

"ఆగమ్మా," అన్నారాయన. ఆయన గొంతు అప్పుడే మారింది. ఉద్యోగంలో ఉన్ననాటి గొంతు అదే అయ్యుండాలి. "అయితే ఇదేమిటి మరి?"

టీవీ తెర మూలకి చూపించారు. చూసిన గదులెన్నో, మొత్తం ఎన్నో ఆట తనే లెక్క చూపిస్తుంది. ముక్కలుగా ఆడిన పిల్లికి ఆ లెక్క ఎప్పుడూ పూర్తిగా పడలేదు. 211 / 212 అని ఉంది.

"మీ గది దొంగదైతే నేను అన్నీ చూసేసినట్టే కదా. ఆట ఒకటి మిగిలిందంటుందేం?"

పిల్లి తెర చూసింది. పటం చూసింది. పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతోంది. నాకూ అప్పుడే అర్థమయింది. మేమిద్దరం ఆ రోజు బల్లమీద లెక్కపెట్టిన రెండు వందల పన్నెండులో చుట్టంగది కూడా ఉంది. ఇంటివాళ్ళని లెక్కపెడుతూ చుట్టాన్నీ కలిపేశాం. అంకె సరిపోయిందని ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. అసలు గది ఒకటి ఆమె చూడనే లేదు.

"నేను ఒకటి వదిలేశాను," అంది పిల్లి. ఆ మాట ఆమె నోట రావడం నేనెప్పుడూ వినలేదు. "లేనిది గీసి, ఉన్నది వదిలేశాను."

పెద్దాయన పీటమీంచి లేచారు. అల్మరాలోంచి ఒక నోటుపుస్తకం తీసి, పేజీలు తిప్పి, ఒకచోట ఆగారు. అక్కడ ఏదో రాసి, అడ్డంగా కొట్టేసి ఉంది.

"నవ్వకండి. మొదటి నెలలో రాసుకున్నది. మీరు ప్రతి గదినీ ఒకే కొలత చదరంగా గీస్తారు. నాకది అలవాటు లేదు. బొమ్మచేత అడుగులు వేయించి కొలిచాను. ధాన్యం గది, ఆయుధాల గది, వాటి మధ్యలో నాలుగు గదులూ కలిపి కింద ఎనభై ఎనిమిది అడుగులు. సరిగ్గా వాటి మీది నడవా ఈ గోడనుంచి ఆ గోడకి తొంభై ఆరు."

"ఎనిమిది అడుగులు ఎక్కువ," అంది పిల్లి.

"కింద అవి ఎక్కడికి పోయాయో తెలియలేదు. మీ పటంలో అక్కడేమీ లేదు. అచ్చులో ఉన్నది తప్పెందుకవుతుంది, నేనే లెక్క తప్పానని కొట్టేశాను."

ఆమె అప్పటికే మీటలు అందుకుంది. "ఎక్కడ? నడవాలో ఎక్కడ?"

"ఇటివ్వండి. మీరు పరిగెడుతున్నారు. అడుగులు లెక్కపెట్టాలి." ఆయన మీటలు తీసుకుని, ఒక్కో అడుగూ పైకి లెక్కపెడుతూ బొమ్మని నడిపించి, నడవా మధ్యలో ఆపారు. "ఈ ఎనిమిదిలోనే."

తరవాత అరగంట అక్కడ ఏం చేశామో చెప్పడానికి నాకే నవ్వొస్తుంది. గెంతాం, కొట్టాం, దివిటీ విసిరాం, గోడకి గుద్దుకున్నాం. మీటలు ఆయన చేతిలోంచి ఆమెకి, ఆమె చేతిలోంచి ఆయనకి. "పైకి! పైకి కొట్టండి బాబాయిగారూ!" "కొట్టాను తల్లీ, నువ్వు కాస్త పక్కకి జరుగు, తెర కనబడటం లేదు." ఆమె తెరకీ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉంది. నేల మాత్రం ఒప్పుకోలేదు. పెద్దాయన ముఖంలో పాత అనుమానం మళ్ళీ కమ్ముకోవడం చూశాను. "లెక్క తప్పే అయ్యుంటుంది," అన్నారు మెల్లగా.

అప్పుడు కోడలు టీ తెచ్చింది. ఆయన మీటలు కింద పెట్టి కప్పు అందుకున్నారు. పిల్లికి ఇంకో కప్పు ఇచ్చి, "కూర్చుని తాగండి, ఒలుకుతుంది," అందావిడ. ఆవిడ గొంతులో కాదనడానికి వీల్లేనిదేదో ఉంది. పిల్లి చాపమీద కూర్చుంది. మీటలు ఎవరూ ముట్టలేదు. నేను రెండు గుక్కలు తాగి ఉంటాను.

"అయ్యో మావయ్యగారూ, మీ బొమ్మ పడిపోతోంది!"

ముందుగా చూసింది కోడలే. నడవాలో బొమ్మ నిలబడ్డ బండ నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా, కిందికి దిగుతోంది. చప్పుడు కూడా లేదు. అక్కడ ఎవరైనా పది లెక్కపెట్టేంతసేపు కదలకుండా ఉంటే చాలట. మా పిల్లి పదిహేడు రోజుల్లో ఆ నడవాలో ఎన్నిసార్లు పరిగెత్తిందో! ఒక్కసారి ఆగి ఉంటే దొరికేది.

కింద చిన్న గది. ఒక దీపం, నాలుగు గోడలు. ఇంకేమీ లేదు. తెర మూల అంకె మారింది. 212 / 212.

"ఇదేనా?" అంది కోడలు. "ఈ ఖాళీ గదికోసమా ఇంత?"

పెద్దాయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే కొట్టేసిన లెక్క కింద మళ్ళీ రాసుకున్నారు, ఈసారి పెన్నుతో. ఎనభై ఎనిమిది, ఎనిమిది, తొంభై ఆరు. కోడలు వంగి ఆ పేజీ చూసింది. వెనక పేజీలూ తిప్పి చూసింది. ప్రతి గదికీ పొడుగు, వెడల్పు, తలుపు ఎటు, అన్నీ వరసగా, ఇంకెక్కడా కొట్టివేత లేకుండా.

"ఇవన్నీ మీకు గుర్తున్నాయా మావయ్యగారూ?"

"గుర్తేమిటమ్మా, కొలిచాను కదా."

ఆవిడ గడియారం చూసింది. మేకుకి ఉన్న గొడుగు తీసి ఆయన చేతికిచ్చింది. "మబ్బు పట్టింది. బడి వదిలేస్తారు, వెళ్ళిరండి." ఆయన చెప్పులేసుకుంటుంటే నేల చూస్తూ అంది: "ఒకటో తారీఖు సంగతి మీ అబ్బాయితో నేను మాట్లాడతాలెండి."

పిల్లి ఆయనతోపాటు వీధి మలుపుదాకా నడిచింది. నేను వెనకబడ్డాను.

ఆ సాయంత్రమే ఎడిటరుగారికి అన్నీ చెప్పేసింది, వదిలేసిన గదితో సహా. ఆయన దేనికి ముందు కోప్పడాలో తెలియక రెండు చేతులతో తల పట్టుకున్నారు. "మెట్లెక్కొద్దన్నారు కదా సార్, దిగిపోతాను," అంది. "దిగిపోతే వచ్చే నెల పటం ఎవరు గీస్తారు? నేనా?" అని కసిరారు. తరవాతి సంచికలో ఒక పూర్తి పేజీ సవరణ పడింది. ఈ గది లేదు, ఈ గది ఉంది, ఉన్నదాన్ని కనుక్కున్నది మా పాఠకుడు ఒక సర్వేయరు. వార్షిక సంచిక మీద పెట్టుకున్న ఆశలన్నీ నీరుగారాయని ఎడిటరుగారు ఇరవై రోజులు మాతో సరిగా మాట్లాడలేదు. ఇరవయ్యో తారీఖున ఎదుటివాళ్ళ పత్రిక వచ్చింది. అందులోనూ అదే సవరణ, అక్షరం పొల్లుపోకుండా, 'మా పాఠకుడు ఒక సర్వేయరు'తో సహా. ఆయన కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి అందరికీ టీ తెప్పించారు. చుట్టంగదుల జోలికి మాత్రం మళ్ళీ పోలేదు.

పత్రిక ఇంకో ఆరేళ్ళు నడిచి ఆగిపోయింది. ఇప్పుడు పిల్లి పెద్ద పెద్ద భవనాలకి పటాలు గీస్తుంది. నిప్పంటుకుంటే బయటికి దారి ఎటో చూపించే పటాలు, లిఫ్టుల పక్కన అద్దంలో పెట్టి ఉంటాయే, అవి. ఆస్పత్రికి వెళ్ళినప్పుడు అక్కడి వరండాలో ఒకటి చూశాను. నిలబడి మెట్లు లెక్కపెట్టాను. సరిపోయాయి. ప్రతి అంతస్తూ తనే ఎక్కి దిగి, గదుల వెడల్పు అడుగులతో కొలిచి గీస్తుందని ఫోనులో చెప్పింది. ఫోను మాట్లాడుతూ కూడా నడుస్తూనే ఉంది. మెట్ల చప్పుడు నాకు వినబడుతోంది.

పత్రిక ఉన్నన్నాళ్ళూ ప్రతి పటమూ ప్రెస్సుకి పోకముందు ఒక నకలు సర్వేయరుగారింటికి వెళ్ళేది. ఆయన జవాబుల్లో ఒకటి నా దగ్గర ఉండిపోయింది.

"అమ్మాయికి ఆశీస్సులు. కొత్త పటం చూశాను. గంట స్తంభానికి ఎడమవైపు మెట్లు పన్నెండు గీశావు. మూడుసార్లు ఎక్కి దిగాను, పదకొండే. అనుమానముంటే వచ్చి చూసుకో, టీ ఉంటుంది, కూర్చోవాలి మరి. ఇంకో రెండు తప్పులున్నాయి గాని, బడి వదిలే వేళయింది. వచ్చాక రాస్తాను."